చేవెళ్ల, మొయినాబాద్ పరిసరాలలో సామాజిక నవకల్పన: గ్రామం చేపట్టిన బడి, గ్రామం కాపాడిన నీరు

హైదరాబాద్ నగరానికి పశ్చిమాన, బీజాపూర్ రహదారి వెంట విస్తరించిన మొయినాబాద్, చేవెళ్ల మండలాలు, వాటిని ఆనుకుని ఉన్న శంకర్‌పల్లి, షాబాద్ మండలాలు రంగారెడ్డి జిల్లాలో చేవెళ్ల రెవెన్యూ డివిజన్ కిందకు వస్తాయి. నగర మార్కెట్లకు కూరగాయలు, పూలు, పాలు సమకూర్చే ప్రాంతంగానే వీటికి గుర్తింపు. అయితే సామాజిక రంగంలో దేశవ్యాప్తంగా చర్చకు వచ్చిన రెండు ప్రయోగాలు ఈ డివిజన్ పల్లెలలోనే రూపుదిద్దుకున్న విషయం జిల్లా వెలుపల అంతగా ప్రచారంలోకి రాలేదు. బాలకార్మికులను పని నుండి తప్పించి బడికి చేర్చేందుకు ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో ప్రారంభించిన కృషి వాటిలో మొదటిది. ఇక్రిశాట్ ఆధ్వర్యంలో 1999లో శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో చేపట్టిన ఆదర్శ వాటర్‌షెడ్ రెండవది.

లాభార్జన ప్రధానంగా కాక, ఒక సామాజిక సమస్యకు కొత్త పరిష్కార పద్ధతిని రూపొందించి, దానిని సొంత కాళ్లపై నిలబెట్టే ప్రయత్నాన్ని నేడు సామాజిక వ్యవస్థాపకత అని వ్యవహరిస్తున్నారు. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకుకు, దాని స్థాపకుడు ముహమ్మద్ యూనస్‌కు 2006లో నోబెల్ శాంతి బహుమతి లభించిన తరువాత ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది. సహకార సంఘాలను, గ్రంథాలయోద్యమాన్ని నడిపించిన తెలుగు నేలకు ఇటువంటి పని అపరిచితమేమీ కాదు. కొత్త పద్ధతిని కనుగొన్న వారు వెళ్లిపోయిన తరువాత దానిని ఎవరు నడుపుతారన్న ప్రశ్నకు మాత్రం ప్రతి తరమూ మళ్లీ సమాధానం వెదుక్కోవలసి వస్తున్నది. చేవెళ్ల ప్రాంతపు అనుభవం ఈ కోణంలోనే పరిశీలించదగినది.

రెండు జలాశయాల ఎగువన

1908 నాటి మూసీ వరద తరువాత నగర రక్షణకు, తాగునీటికి నిర్మించిన ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ ఈ ప్రాంతం మీదుగానే ఉస్మాన్‌సాగర్‌కు చేరుతుంది. జలాశయాలు కలుషితం కాకుండా 1996 మార్చి 8న జారీ అయిన జి.ఓ. 111 ద్వారా 84 గ్రామాలలో కాలుష్య కారక పరిశ్రమలను, భారీ హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించారు. మొయినాబాద్ మండలంలో అధిక భాగం, చేవెళ్ల మండలంలో కొంత భాగం ఆ పరిధిలోకి వచ్చాయి. ఆ ఆంక్షలను మార్చుతూ 2022 ఏప్రిల్‌లో జి.ఓ. 69 వెలువడింది. మధ్యలో గడిచిన పాతికేళ్లలో రాజధానికి కూతవేటు దూరంలో ఉండి కూడా ఈ పల్లెలు ప్రధానంగా వ్యవసాయం మీదనే ఆధారపడవలసి వచ్చింది. ఇక్కడ జీవన ప్రమాణాలు మెరుగుపడాలంటే ఫ్యాక్టరీ కాదు, పొలమూ బడీ బాగుపడవలసి ఉండినది.

జీతం నుండి బడికి

తెలంగాణ పల్లెలలో ‘జీతం ఉండడం’ అన్న మాటకు నెలసరి వేతనమని అర్థం కాదు. తండ్రి తీసుకున్న అప్పుకు బదులుగా కొడుకు ఏడాది పొడవునా ఆసామి ఇంట పశువులు కాయడం, పేడ ఎత్తడం, మోట దగ్గర నిలబడడం అని అర్థం. ఆడపిల్లల పని లెక్కలోకి కూడా వచ్చేది కాదు. చెల్లెళ్లను, తమ్ములను ఎత్తుకోవడం, నీళ్లు మోయడం, కలుపు తీయడం, పూలు, కూరగాయలు కోయడం వంటి పనులను ఇంటి పనిగానే భావించేవారు. 1986 నాటి బాలకార్మిక నిషేధ, క్రమబద్ధీకరణ చట్టం ప్రమాదకరమైన వృత్తులను మాత్రమే నిషేధించింది. వ్యవసాయ పనులలో ఉన్న పిల్లలకు ఆ చట్టం వల్ల ఒనగూడిన మేలు స్వల్పమే. పగలు పని, రాత్రి అనియత విద్య అన్నదే ఆనాడు ప్రభుత్వాలకు, పలు స్వచ్ఛంద సంస్థలకు సమ్మతమైన మార్గంగా ఉండేది.

చరిత్ర, రాజనీతి శాస్త్రాలలో ప్రసిద్ధుడైన ఆచార్య మామిడిపూడి వెంకటరంగయ్య స్మారకంగా 1981లో పరిశోధనా సంస్థగా ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ ఈ అవగాహనను ప్రశ్నించింది. ఆయన మనుమరాలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్ర ఆచార్యులైన శాంతా సిన్హా ఈ కృషికి నాయకత్వం వహించారు. వెట్టి కార్మికుల మధ్య పనిచేసిన అనుభవంతో ఆమె 1991లో రంగారెడ్డి జిల్లా పల్లెలలో పిల్లల సమస్యను చేపట్టారు. శంకర్‌పల్లి మండలంలో కొద్ది గ్రామాలతో మొదలైన పని ఆ దశాబ్దంలోనే జిల్లా పశ్చిమ మండలాలకు విస్తరించింది. సంస్థ తనకు తాను విధించుకున్న సూత్రాలు సరళమైనవి, రాజీకి తావు లేనివి. బడిలో లేని ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ బాలకార్మికులే. పిల్లలు చేసే ఏ పని అయినా ప్రమాదకరమైనదే. పిల్లలందరూ పగటిపూట నడిచే నియత పాఠశాలకే వెళ్లాలి. పేదరికం కారణంగానో, చదువు వల్ల ప్రయోజనం లేదనో చెప్పి బాలకార్మికతను సమర్థించరాదు.

‘ప్రమాదకరం’, ‘ప్రమాదరహితం’ అన్న చట్టపు విభజనను తోసిపుచ్చిన ఈ వైఖరి ఆనాడు చాలామందికి అతిగా తోచింది. పిల్లవాడు తెచ్చే కూలి డబ్బులు లేకుంటే ఇల్లు ఎలా గడుస్తుందన్నది సహజంగానే ఎదురైన ప్రశ్న. నిరుపేద తల్లిదండ్రులు సైతం చదువును కోరుకుంటున్నారని, వారికి అడ్డుపడుతున్నది ఆకలి కన్నా బడి వ్యవస్థ తీరేనని సంస్థ వాదించింది. ఈ వాదన పూర్తిగా అందరినీ ఒప్పించిందని చెప్పలేము కానీ, పల్లెలో జరిగినది మాత్రం దానికి బలం చేకూర్చింది. తల్లిదండ్రులకు నగదు సాయం ఏదీ ఇవ్వకుండానే పిల్లలు బడికి రావడం మొదలైంది.

ఇక్కడి అసలు నవకల్పన వారధి శిబిరం. పదకొండేళ్ల వయసులో మొదటిసారి పలక పట్టిన పిల్లవాడిని ఒకటో తరగతిలో ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చోబెడితే వాడు వారం తిరగకముందే పశువుల వద్దకు తిరిగి పోతాడు. అందువల్ల పెద్ద పిల్లలను కొన్ని నెలల పాటు ఒకే చోట ఉంచి, ఆటపాటలతో మొదలుపెట్టి, వారి వయసుకు తగిన తరగతి స్థాయికి చేర్చి, ఆ తరువాత నేరుగా ప్రభుత్వ పాఠశాలలో చేర్పించే ఏర్పాటు చేశారు. అప్పట్లో ఏడవ తరగతి ఉమ్మడి పరీక్ష పిల్లల చదువులో పెద్ద గడపగా ఉండేది. చాలా శిబిరాలలో ఆ గడప దాటించడమే లక్ష్యంగా బోధన సాగింది. శిబిరం ముగిసిన వెంటనే సాంఘిక సంక్షేమ వసతి గృహాలలో చోటు కోసం ప్రయత్నం మొదలయ్యేది. ఇక్కడ గమనించదగిన అంశం ఒకటున్నది. సంస్థ సమాంతరంగా సొంత పాఠశాలలను నెలకొల్పే మార్గాన్ని ఎంచుకోలేదు. శిబిరాన్ని వారధిగానే ఉంచి, అవతలి ఒడ్డున ఉన్న ప్రభుత్వ బడినే బలపరిచింది. ఉపాధ్యాయులు చాలని చోట స్థానిక యువకులను సహాయకులుగా నియమించింది. జనన ధ్రువీకరణ పత్రం లేదని, బదిలీ పత్రం లేదని, విద్యా సంవత్సరం మధ్యలో వచ్చారని పిల్లలను వెనక్కు పంపే అలవాటుపై పాఠశాల పాఠశాలకూ వెళ్లి పోరాడవలసి వచ్చింది. బయటి వారికి చిన్నవిగా కనిపించే ఈ కాగితాలే ఎన్నో కుటుంబాలను బడి గేటు వద్ద ఆపివేశాయి.

యజమానుల విషయంలో అనుసరించిన పద్ధతి మరింత ఆసక్తికరం. జీతగాళ్లను పెట్టుకున్న ఆసాములను కేసులతో బెదిరించడం కన్నా గ్రామ సభలో అందరి ఎదుట మాట్లాడించడానికే సంస్థ ప్రాధాన్యం ఇచ్చింది. పిల్లవాడిని స్వచ్ఛందంగా విడిచిపెట్టిన ఆసామిని అదే సభలో సన్మానించేవారు. నిన్నటి వరకు పిల్లవాడితో పని చేయించుకున్న వ్యక్తికి సన్మానమా అని అభ్యంతరం రావచ్చు. అయితే ఊరిలోని వారంతా మరునాడు కూడా కలిసే బ్రతకాలి కనుక ఆ మార్గం ఫలించింది. తమ కుటుంబంలో తొలిసారి చదువుకున్న యువకులు వాలంటీర్లుగా నిలిచారు. ప్రభుత్వ ఉపాధ్యాయులు స్వయంగా బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడ్డారు. గ్రామస్థులతో బాలల హక్కుల పరిరక్షణ వేదికలు ఏర్పడ్డాయి. బడి మానిన పిల్లల ఇళ్లకు వెళ్లి ఆరా తీయడం, ఆడపిల్లలకు చిన్న వయసులో తలపెట్టిన పెళ్లిళ్లను ఆపడం ఈ వేదికల బాధ్యతలయ్యాయి.

శాంతా సిన్హా 1998లో పద్మశ్రీ, 2003లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. 2007లో ఏర్పాటైన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలై 2013 వరకు సేవలందించారు. పురస్కారాల కంటే చట్టం పుస్తకంలో కనిపించే పోలిక ఎక్కువ విలువైనది. 2009లో ఆమోదం పొంది, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం నాలుగవ సెక్షన్ ప్రకారం బడి బయట ఉన్న పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పద్నాలుగు, పదిహేను సెక్షన్ల ప్రకారం వయసు ధ్రువపత్రం లేదనిగానీ, గడువు దాటిందనిగానీ ప్రవేశం నిరాకరించరాదు. శంకర్‌పల్లి, చేవెళ్ల పరిసరాల బడి గేట్ల వద్ద జరిగిన వాగ్వాదాలు తెలిసిన వారికి ఈ సెక్షన్లు ఎక్కడో చదివినట్లే అనిపిస్తాయి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడంపై 2016 సవరణ చట్టం అన్ని వృత్తులకూ నిషేధం విధించింది. అయితే బడి వేళల తరువాత కుటుంబ వృత్తులలో సహాయానికి మినహాయింపు ఇచ్చింది. ‘ఇంటి పని’ అనే ఆ పాత సందు ఆడపిల్లల విషయంలో ఇంకా పూర్తిగా మూసుకుపోలేదనే చెప్పాలి.

కొత్తపల్లి నల్లరేగడి

1999లో ఇక్రిశాట్ వాటర్‌షెడ్ ప్రయోగానికి కొత్తపల్లిని ఎంపిక చేసినప్పుడు క్షేత్రస్థాయి భాగస్వామిగా నిలిచినది కూడా ఎం.వి. ఫౌండేషనే. పిల్లల కోసం గడప గడపకూ తిరిగిన పరిచయం నీటి పనికి పెట్టుబడిగా ఉపయోగపడింది. ఇక్రిశాట్ తరఫున డాక్టర్ ఎస్.పి. వాని బృందం, కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ, జిల్లా కరవు పీడిత ప్రాంతాల కార్యక్రమం ఈ కూటమిలో భాగస్వాములయ్యాయి. ఆసియా అభివృద్ధి బ్యాంకు తోడ్పాటు లభించింది.

వాటర్‌షెడ్ విస్తీర్ణం 465 హెక్టార్లు. అధికభాగం నల్లరేగడి నేల. సాలీనా వర్షపాతం సుమారు 800 మిల్లీమీటర్లు. ఇది మరీ తక్కువేమీ కాదు. పడిన వాన నాలుగు భారీ జల్లులలో కొట్టుకుపోవడమే ఇక్కడి చిక్కు. గతంలో వాటర్‌షెడ్ అంటే వాగు దిగువన ఒక పెద్ద చెక్‌డ్యాం అన్న భావన ఉండేది. దాని వల్ల వాగు ఒడ్డున భూములున్న వారికే లాభం చేకూరేది. కొత్తపల్లిలో ఎగువ నుండి దిగువ వరకు చిన్న చిన్న నిర్మాణాలను విస్తరింపజేశారు. 14 నీటి నిల్వ నిర్మాణాలు, 60 చిన్న ఊట గుంతలు, పొలం గట్లు వచ్చాయి. వాగు సమీపంలో ఎండిపోయి ఉన్న 28 బావులలోకి వరద నీటిని మళ్లించి వాటికి తిరిగి ఊట తెప్పించారు. స్థలాల ఎంపిక గ్రామ వాటర్‌షెడ్ కమిటీ చేతుల మీదుగానే సాగింది.

సొంత పొలంలో వేసే విత్తనానికి, ఎరువుకు, పనిముట్టుకు రైతే ఖర్చు పెట్టుకోవాలన్నది ఇక్కడి నియమం. సబ్సిడీలకు అలవాటు పడిన వ్యవస్థలో ఇది కఠినమైన షరతే. ఉచితంగా వచ్చిన దానిని రైతు పరీక్షించి చూడడు, డబ్బు పెట్టిన దానిని వదిలిపెట్టడు అన్నది శాస్త్రవేత్తల ఆలోచన. పథకం ముందుగా పంచిపెట్టినది భూసార పరీక్ష ఫలితాలనే. ఈ నేలలలో గంధకం, బోరాన్, జింక్ లోపించాయని తేలడంతో కొద్దిపాటి సూక్ష్మ పోషకాలతోనే దిగుబడులలో తేడా కనిపించింది. పథకానికి ముందు హెక్టారుకు ఒకటిన్నర టన్నులుగా ఉన్న మొక్కజొన్న దిగుబడి మొదటి సంవత్సరాలలోనే మూడు టన్నులు దాటింది. మొక్కజొన్నలో కంది అంతర పంటగా స్థిరపడింది.

మహిళా సంఘాల పాత్ర విశేషమైనది. పొలాల గట్లపై విపరీతంగా పెరిగే వయ్యారిభామను పూతకు రాకముందే కోసి, పేడతో కలిపి వానపాములకు ఆహారంగా వేసి వర్మీకంపోస్టు తయారుచేయడం ప్రారంభించారు. ఒంటికి దురద పుట్టించే, పంటలను అణచివేసే ఆ మొక్క అమ్మకానికి పనికివచ్చే ఎరువుగా మారింది. గట్లపై నాటిన గ్లైరిసిడియా రెమ్మలు పచ్చిరొట్టగా ఉపయోగపడ్డాయి. కంది మొక్కలను కుదిపి, కింద పరచిన పట్టాపై రాలిన శనగపచ్చ పురుగులను ఏరి, వాటి నుండే వైరస్ ద్రావణం తయారుచేసి పంటపై పిచికారీ చేసే విద్యను గ్రామస్థులు నేర్చుకున్నారు. పురుగుమందుల దుకాణం అప్పుపై ఆధారపడిన రైతుకు ఇది చిన్న విడుదల కాదు.

కొత్తపల్లి పద్ధతిని 2002 నుండి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జీవనోపాధుల పథకం ద్వారా మహబూబ్‌నగర్, కర్నూలు, నల్గొండ జిల్లాలలోని వాటర్‌షెడ్లకు విస్తరించారు. థాయిలాండ్, వియత్నాం, చైనాలలోనూ ఇదే తరహా నమూనాలు చేపట్టారు. 2008లో కేంద్రం జారీచేసిన ఉమ్మడి వాటర్‌షెడ్ మార్గదర్శకాలు జీవనోపాధులకు, రైతుల ఉత్పాదకతకు నిధులను ప్రత్యేకంగా కేటాయించాయి.

పగ్గాలు వేరొకరి చేతికి వెళ్లినప్పుడు

సామాజిక వ్యవస్థాపకత పేరుతో ఈ గడ్డపై నడిచినవన్నీ ఇదే తీరుగా సాగలేదు. పొరుగు మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో 1990 దశకం చివర స్వచ్ఛంద సంస్థగా మొదలైన ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ తరువాత కంపెనీగా మారి, 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌కు చేరింది. బ్యాంకు తలుపు తట్టలేని మహిళలకు ఇంటి ముంగిట అప్పు అందించడం నిజమైన నవకల్పనే. అయితే పలు సంస్థలు ఒకే ఇంటికి పోటీపడి అప్పులివ్వడం, వారం వారం వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు తీవ్ర ఆందోళనకు దారితీశాయి. 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం సూక్ష్మ రుణ సంస్థలపై ఆర్డినెన్స్ తీసుకురావలసి వచ్చింది. సంఘాల మహిళలు తామే వాటాదారులుగా రుణాలు పొందేందుకు స్త్రీనిధి పరపతి సహకార సమాఖ్య 2011లో ఏర్పాటైంది. అప్పు ఎంత, ఎప్పుడు, ఏ వడ్డీకి అన్న నిర్ణయంలో తీసుకునే మనిషికి చోటున్నదా లేదా అన్నదే ఈ రెంటి మధ్య భేదం.

ఇటీవలి కాలపు ప్రయత్నాలలో హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ఖేతి సంస్థను పేర్కొనాలి. చేవెళ్ల, మొయినాబాద్ రహదారి పక్కన కనిపించే పాలీహౌస్‌లు ప్రభుత్వ సబ్సిడీ ఉన్నా చిన్న రైతు అందుకోగలిగినవి కావు. ఎండను, పురుగును తగ్గించే చిన్నపాటి హరితగృహాన్ని తక్కువ ఖర్చులో రూపొందించి, దానితో పాటు రుణ, సలహా సదుపాయాలను జతచేసినందుకు ఈ సంస్థ 2022లో ఎర్త్‌షాట్ బహుమతి పొందింది.

ఎగువ పొలం, దిగువ జలాశయం

కొత్తపల్లి ఉస్మాన్‌సాగర్ పరివాహక ప్రాంతంలోనే ఉన్నది. ఒక ఊరిలో వాననీటిని నేలలోకి ఇంకించినంత మాత్రాన జలాశయానికి లోటు రాదు. అదే పద్ధతిని పరివాహకం అంతటా విస్తరిస్తే ఏమవుతుందన్న ప్రశ్నను ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు స్వయంగా పరిశీలించి 2012లో ఫలితాలను ప్రచురించారు. రైతుల దిగుబడులు, భూగర్భ జలాలు పెరుగుతాయి, కోతకు గురై జలాశయంలో చేరే మట్టి తగ్గుతుంది, కానీ ఉస్మాన్‌సాగర్‌లోకి వచ్చే నీరు కూడా తగ్గుతుంది అన్నది వారి అధ్యయన సారాంశం. తమ ప్రయోగానికి ఉన్న ఈ మూల్యాన్ని తామే లెక్కగట్టి బయటపెట్టడం ప్రశంసనీయం.

2004లో కృష్ణా జలాలు, 2015 చివర గోదావరి జలాలు నగరానికి చేరడంతో తాగునీటి కోసం హైదరాబాద్ జంట జలాశయాలపై ఆధారపడడం బాగా తగ్గింది. అందువల్ల ఎగువ రైతుకు, దిగువ నగరానికి మధ్య ఘర్షణ తలెత్తలేదు. ఇప్పుడు మరో మార్పు ఈ పల్లెలను సమీపిస్తున్నది. నగరం విస్తరించి ఎకరం ధర పంట లెక్కలకు అందనంతగా పెరగడంతో పొలాలు ఫామ్‌హౌస్‌లుగా, వెంచర్లుగా మారుతున్నాయి. చెక్‌డ్యాంలో పూడిక తీయవలసినది, గట్టు తెగితే పోయవలసినది, వాగును ఆక్రమణ నుండి కాపాడవలసినది ఆ నీటితో సాగు చేసే రైతులే. గ్రామంలో నివసించని యజమానుల చేతికి భూమి వెళ్లిన చోట వాటర్‌షెడ్ కమిటీలో కూర్చునేది ఎవరన్న ప్రశ్న మిగిలే ఉన్నది.